నీటి పట్టు విడిపించే మెట్టు

రిమోట్ కంట్రోల్‌తో ఎగిరే నమూనా విమానానికి చక్రాలు తీసేసి, వాటి స్థానంలో సన్నని పడవల్లాంటి రెండు తేలే భాగాలను బిగిస్తే, అది రన్‌వేతో పని లేకుండా చెరువు నీటి మీద నుంచే లేచి మళ్లీ ఆ నీటి మీదే వాలుతుంది. ఈ తేలే భాగాలనే ఫ్లోట్లు అంటారు. సరస్సులు విస్తారంగా ఉన్న అమెరికా, కెనడా వంటి దేశాల్లో ఇది దశాబ్దాలుగా సాగుతున్న వ్యాసంగం. సిద్ధంగా తయారైన ఫ్లోట్లు అక్కడ దుకాణాల్లో దొరుకుతున్నప్పటికీ చాలామంది వాటిని ఇంట్లోనే కట్టుకుంటారు. విమానం బరువును, పొడవును, గరిమనాభి ఉన్న చోటును బట్టి ఫ్లోటు కొలతలు మారవలసి రావడం ఇందుకు ఒక కారణం కాగా, ముడిసరుకు చవక కావడం వల్ల ఒక జత కుదరకపోతే మరో జత కోసుకోగలగడం రెండో కారణం. తేలడం ఒక్కటే లక్ష్యమైతే దీని గురించి ఇంత చెప్పుకోవలసిన పని లేదు, ఎందుకంటే తగినంత పరిమాణం ఉన్న థర్మోకోల్ దిమ్మ ఏదైనా విమానాన్ని తేలుస్తుంది. తేలుతున్న ఆ వస్తువు చేత తగిన వేగంలో నీటిని వదిలించడమే కష్టం, ఇంట్లో కట్టే ఫ్లోట్లలో విఫలమయ్యేవి ఎక్కువగా ఇక్కడే విఫలమవుతాయి.

ఈ చిక్కు నమూనాలకే పరిమితమైనది కాదు, మనుషులు ఎక్కే నీటి విమానాలతోపాటే పుట్టింది. ఇంజను బలంతో నీటి మీద నుంచి లేచిన మొదటి విమానాన్ని ఫ్రెంచి ఇంజనీరు ఆన్రీ ఫాబ్ర్ కట్టాడు. 50 అశ్వశక్తి గ్నోమ్ ఇంజను, మూడు ఫ్లోట్లు ఉన్న ఆ యంత్రం 1910 మార్చి 28న దక్షిణ ఫ్రాన్స్‌లోని మార్తీగ్ పట్టణం వద్ద బెర్ సరస్సు మీద సుమారు అర కిలోమీటరు దూరం ఎగిరింది. మరుసటి ఏడాది జనవరి 26న అమెరికాలోని శాన్ డియేగో అఖాతంలో గ్లెన్ కర్టిస్ తన నీటి విమానాన్ని లేపాడు. అక్కడితో ఆగక అతడు దేహమే పడవగా ఉండే విమానాన్ని, అంటే ఫ్లయింగ్ బోటును, కట్టడానికి పూనుకున్నాడు. 1912లో న్యూయార్క్ రాష్ట్రంలోని హామండ్స్‌పోర్ట్ వద్ద, క్యూకా సరస్సులో, ఆ పడవ ఇంజను ఎంత లాగినా నీటిని వదలకుండా మొరాయించింది. దాని అడుగు భాగంలో అడ్డంగా ఒక మెట్టు ఏర్పరిచిన తరువాతే అది పైకి లేచింది. అప్పటి నుంచి నీటి విమానాల అడుగున ఆ మెట్టు స్థిరపడిపోయింది. 1934 అక్టోబరు 23న ఇటలీలోని గార్డా సరస్సు మీద ఫ్రాంచెస్కో అజెల్లో గంటకు 709 కిలోమీటర్ల వేగంతో నడిపిన మక్కి ఎం.సి.72 విమానపు ఫ్లోట్లలో ఉన్నదీ ఆ మెట్టే, నేడు ఇంటి మిద్దె మీద ఎవరో కోసుకునే నురుగు ప్లాస్టిక్ దిమ్మలో ఉండవలసినదీ ఆ మెట్టే. పిస్టన్ ఇంజను నీటి విమానాల్లో అజెల్లో నెలకొల్పిన వేగాన్ని ఇంతవరకు ఎవరూ దాటలేదు.

మెట్టు చేసే పని

కుళాయి నుంచి సన్నగా పడుతున్న ధారకు చెంచా వీపును ఆనిస్తే, ధార తిన్నగా కిందికి పోకుండా చెంచా వంపును అంటిపెట్టుకుని పక్కకు తిరుగుతుంది, ఆ మలుపులో చెంచాను తన వైపు లాగుతుంది కూడా. నీటి మీద పరిగెత్తే ఫ్లోటు అడుగున జరిగేది ఇదే. ఫ్లోటు వెనక భాగం కొనవైపు పైకి వంపు తిరిగి ఉంటుంది, అలా లేకపోతే విమానం ముక్కెత్తినప్పుడు తోక భాగం నీటిలో గుచ్చుకుంటుంది. కానీ ఆ వంపు వెంటే నీరు పాకడం వల్ల అక్కడ పీడనం తగ్గి, ఫ్లోటును కిందికి పట్టి ఉంచే చూషణ బలం పుడుతుంది. వేగం పెరిగేకొద్దీ ఈ పట్టు కూడా పెరుగుతుంది గనుక ఇంజనుకు బలం జోడించడం ఒక్కటే దీనికి పరిష్కారం కాజాలదు.

అడుగున నీటి దారిని హఠాత్తుగా తెంచివేస్తే పరిస్థితి మారుతుంది. ముందు భాగపు అడుగు ఒక చోట ఆగిపోయి, అక్కడి నుంచి వెనక భాగం కొన్ని మిల్లీమీటర్లు పైకి ఎగబాకి మొదలైతే, వేగంగా వస్తున్న నీరు ఆ పదునైన అంచు దగ్గర మలుపు తిరగలేక తిన్నగా వెనక్కి పోతుంది, మెట్టు వెనక ఖాళీలోకి పక్కల నుంచి గాలి చొరబడుతుంది, చూషణకు తావు లేకుండా పోతుంది. ఆ తరువాత విమానం బరువంతా ముందు భాగపు అడుగులో కొంత మేర మీదే ఆనుతుంది, అంటే ఫ్లోటు నీటిని తొలగించి తేలడం మాని నీటి మీద జారడం మొదలుపెడుతుంది. విమానం మెట్టెక్కింది అని నీటి పైలట్లు అనేది ఈ దశనే. ఇందులో అత్యంత ముఖ్యమైనది అంచు పదును. మెట్టు లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా విమానం లేస్తుంది గానీ, చూడముచ్చటగా ఉండాలని ఆ అంచును ఉప్పు కాగితంతో గుండ్రంగా రుద్దితే నీరు మళ్లీ అంచు చుట్టూ తిరిగి వెనక భాగాన్ని పట్టుకుంటుంది. ఫ్లోటు అడుగుకూ పక్క గోడలకూ మధ్య ఉండే మూలలకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది, ఎందుకంటే అవి గుండ్రంగా ఉంటే నీరు పక్కల మీదుగా పైకి పాకి, తుంపరగా లేచి ప్రొపెల్లర్‌కు తగులుతుంది. అందంగా నున్నబడిన ఫ్లోటు కంటే మోటుగా, కరుకు మూలలతో ఉన్న ఫ్లోటు నీటిని త్వరగా వదలడం చూసి కొత్తవారు ఆశ్చర్యపడటం సహజమే.

పరిమాణం లెక్క

నీటిలో మునిగిన వస్తువు తాను తొలగించిన నీటి బరువుకు సమానమైన ఉత్ప్లవన బలాన్ని, అంటే పైకి నెట్టే బలాన్ని పొందుతుందన్న ఆర్కిమిడీస్ సూత్రమే ఇక్కడి లెక్కకు మూలం. ఒక లీటరు మంచినీటి బరువు దాదాపు ఒక కిలో కావడం వల్ల లెక్క సులువవుతుంది. అయితే విమానం బరువుకు సరిగ్గా సమానమైన ఘనపరిమాణం ఉంటే ఫ్లోట్లు పూర్తిగా మునిగి, పై అంచులు నీటి మట్టానికి వస్తాయి. అందుకే మనుషులు ఎక్కే విమానాలకు అమెరికా విమానయాన నిబంధనలు ప్రతి ఫ్లోటూ తాను మోయవలసిన బరువు కంటే 80 శాతం ఎక్కువ మోయగలిగి ఉండాలని విధించాయి. ఎర్ల్ డాడ్జ్ ఆస్‌బర్న్ 1925లో స్థాపించి, తన పేరులోని తొలి అక్షరాలతో ఈడో అని పేరుపెట్టిన సంస్థ లోహపు ఫ్లోట్లకు ప్రసిద్ధి చెందింది. ఆ ఫ్లోట్ల పేర్లలో కనిపించే అంకె ఒక్కో ఫ్లోటు సుమారుగా ఎన్ని పౌన్లు తేల్చగలదో చెబుతుంది. సెస్నా 172 విమానానికి బిగించే 2000 అంకె గల జత 4000 పౌన్లు తేల్చగలదు. ఫ్లోట్లతో ఆ విమానానికి అనుమతించిన గరిష్ఠ బరువు 2220 పౌన్లు. 2220ని 1.8తో గుణిస్తే 3996 వస్తుంది, అంటే కొలత నిబంధన అంచున సరిగ్గా కుదిరింది.

నమూనాలకు ఇంత కచ్చితమైన చట్టం లేకపోయినా 1.8 రెట్లు అన్నది మంచి కనీస హద్దు. ఉదాహరణకు ఫ్లోట్లు, వాటిని బిగించే తీగలు, బ్యాటరీ అన్నీ కలిపి 1.5 కిలోలు తూగే విమానానికి రెండు ఫ్లోట్ల ఘనపరిమాణం 2.7 లీటర్లకు తగ్గకూడదు. ఇక్కడ చాలామంది ఫ్లోట్ల బరువును లెక్కలో చేర్చడం మరచిపోతారు, చక్రాలతో తూచిన బరువునే తీసుకుని తరువాత విమానం లోతుగా మునుగుతోందని విస్తుపోతారు. పొడవు విషయంలో విమానం పొడవులో ముప్పావు వంతు ఉండాలన్నది అనుభవం మీద నిలిచిన కొలత. విమానం 110 సెంటీమీటర్లుంటే ఫ్లోటు సుమారు 82 సెంటీమీటర్లు ఉంటుంది. వెడల్పు 7, అత్యధిక ఎత్తు 5 సెంటీమీటర్లు అనుకుంటే పూర్తి దిమ్మ ఘనపరిమాణం 2870 ఘన సెంటీమీటర్లు అవుతుంది. ముక్కు, తోక సన్నబడటం వల్ల అందులో పదింట ఆరు వంతులే మిగులుతాయని లెక్కవేస్తే ఒక్కో ఫ్లోటుకు 1.7 లీటర్లు, జతకు 3.4 లీటర్లు వస్తాయి. కావలసిన 2.7 కంటే ఇది ఎక్కువే. మరీ పెంచితే మాత్రం గాలిలో నిరోధం పెరిగి విమానం బరువైన పక్షిలా ఈడిగిలబడుతుంది.

ఫ్లోటు ముక్కు ప్రొపెల్లర్ కంటే కనీసం 5 సెంటీమీటర్లు ముందుకు చొచ్చుకుని ఉండాలి. ప్రొపెల్లర్ లాగే బలం పైన, నీరు వెనక్కి పట్టే బలం కింద పనిచేయడం వల్ల ఆ రెండూ కలిసి విమానాన్ని ముందుకు బోర్లా పడేయడానికి చూస్తాయి, దాన్ని అడ్డుకునేది ముందుకు చాచిన ఆ ముక్కే. మెట్టు స్థానం గరిమనాభికి, అంటే విమానం బరువంతా కేంద్రీకృతమైనట్లు భావించే బిందువుకు, నేరుగా కింద గానీ ఒకటి నుంచి రెండున్నర సెంటీమీటర్లు వెనక గానీ ఉండాలి. మెట్టు మరీ వెనక్కి పోతే ముక్కెత్తడానికి విమానం ఇరుసు దొరకనట్టు పెనుగులాడుతుంది. మరీ ముందుకు వస్తే పరుగులో ముందుకూ వెనక్కూ ఊగుతూ ఎగిరెగిరి పడుతుంది. మెట్టు లోతు 7 సెంటీమీటర్ల వెడల్పు ఫ్లోటుకు 8 నుంచి 12 మిల్లీమీటర్లు, మెట్టు వెనక భాగం పైకి లేచే కోణం సుమారు 5 డిగ్రీలు చాలు.

నిజమైన విమానపు ఫ్లోట్లను అదే నిష్పత్తిలో కుదిస్తే సరిపోదా అన్న సందేహం ఇక్కడ వస్తుంది. సెస్నా 172ను ఎనిమిదో వంతుకు కుదిస్తే 11 మీటర్ల రెక్కల విస్తారం 1.37 మీటర్లవుతుంది, కానీ ఘనపరిమాణం, బరువు ఎనిమిదో వంతు ఘనం మేరకు, అంటే 512వ వంతుకు తగ్గాలి. 1007 కిలోల విమానానికి సమానమైన నమూనా 1.97 కిలోలే ఉండాలి, కుదించిన ఫ్లోట్లు 3.54 లీటర్లు తొలగిస్తాయి. నమూనా కట్టేవాడి చేతిలో అది 2.5 కిలోలకు చేరితే 80 శాతం మిగులు 42 శాతానికి పడిపోతుంది. వేగం తగ్గే తీరు వేరు. ఇంగ్లండులోని టార్కీలో 1870ల్లో నీటి తొట్టిలో ఓడల నమూనాలను లాగి పరీక్షించిన విలియం ఫ్రూడ్ తేల్చిన నియమం ప్రకారం అలలు పుట్టించే వేగాలు పొడవు వర్గమూలాన్ని బట్టి మారుతాయి. ఎనిమిదో వంతు నమూనాలో గంటకు 32 కిలోమీటర్లు అంటే అసలు విమానంలో 90 కిలోమీటర్లకు దీటు. చెరువు నీరు మాత్రం నమూనా కోసం కుదించుకోదు. గాలికి లేచే 15 సెంటీమీటర్ల చిరు అల ఆ నమూనాకు 1.2 మీటర్ల కెరటంతో సమానం, నీటి తలతన్యత కూడా తగ్గకుండా చిన్న అంచులను మరింత గట్టిగా పట్టుకుంటుంది. అందువల్లనే అచ్చు కుదించిన ఫ్లోట్లు అల్మరాలో అందంగా ఉంటాయి, నీటి మీద మాత్రం కాస్త పెంచిన ఫ్లోట్లే నిలుస్తాయి.

ముడిసరుకు, కోత

పాత తరం ఫ్లోట్లను తేలికైన బాల్సా చెక్కతో బోలుగా కట్టేవారు. వాటి పనితనం ముచ్చటగా ఉంటుంది కానీ ఒక్క అతుకు విడినా లోపలికి నీరు చేరుతుంది, చేరిన నీరు పరుగులో వెనక్కి పొర్లి గరిమనాభిని మార్చేస్తుంది. నురుగు ప్లాస్టిక్‌తో కట్టిన ఫ్లోటులో ఆ భయం తక్కువ. తెలుగువారు థర్మోకోల్ అని పిలిచేది చిన్న చిన్న పూసలను ఆవిరితో ఉబ్బించి అతికించిన పాలిస్టైరీన్. అది అతి తేలిక, అతి చవక, కానీ పూసల మధ్య సందుల్లోకి నీరు నెమ్మదిగా చేరుతుంది, అంచులు పూసలు పూసలుగా రాలిపోతాయి. మిద్దెల మీద ఎండ వేడి తగ్గించడానికి పరిచే గులాబీ, నీలం రంగు పలకలు కూడా పాలిస్టైరీనే, కాకపోతే వాటిని పూసలుగా కాక ఒకే ముద్దగా అచ్చు గుండా నెట్టి తయారుచేస్తారు. ఘన మీటరుకు 30 నుంచి 35 కిలోల సాంద్రత గల ఈ పలకల్లో గదులన్నీ మూసుకుని ఉంటాయి గనుక నీరు పీల్చవు, కోసిన అంచు పూసలుగా రాలిపోదు. పైన లెక్కవేసిన 1.7 లీటర్ల ఫ్లోటు నురుగు బరువు 60 గ్రాములు మించదు. పలక 5 సెంటీమీటర్ల మందంలో దొరకకపోతే రెండు పలకలను అతికించి దిమ్మ చేసుకోవచ్చు.

జిగురు ఎంపికలో ఏమరుపాటు పనికిరాదు. పెట్రోలు, థిన్నరు, సాధారణ తక్షణ జిగురు, పాలియెస్టర్ రెసిన్ ఇవన్నీ పాలిస్టైరీన్‌ను కరిగించివేస్తాయి. చెక్కకు వాడే తెల్ల జిగురు, ఎపాక్సీ, నురుగుకు హాని చేయదని సీసా మీదే రాసి ఉన్న తక్షణ జిగురు మాత్రమే వాడాలి. ఏ జిగురైనా ముందు ఒక తుంట మీద పూసి రాత్రంతా వదిలి చూడటం తెలివైన పని.

దిమ్మను కోయడానికి వేడి తీగ శ్రేష్ఠం. వెదురు బద్దతోనో ప్లైవుడ్‌తోనో చేసిన విల్లుకు సన్నని నైక్రోమ్ తీగ బిగించి, వోల్టేజీ తగ్గించుకునే వీలున్న 12 వోల్టుల సరఫరా కలిపితే తీగ వేడెక్కి నురుగును కరిగిస్తూ పోతుంది. నేరుగా ఇంటి కరెంటుకు కలపడం ప్రాణాంతకం. ఫ్లోటు పక్క ఆకారాన్ని, మెట్టుతో సహా, రెండు సన్‌మైకా ముక్కల మీద ఒకేలా గీసి, కోసి, అంచులు నున్నబరిచి, దిమ్మకు రెండు వైపులా ఎదురెదురుగా మేకులతో గుచ్చుతారు. ఆ అంచుల మీద అంగుళానికొకటి చొప్పున గీతలు పెట్టి అంకెలు వేస్తారు. విల్లు రెండు కొసలను ఇద్దరు పట్టుకుని, ఒకరు అంకె పలుకుతుంటే ఇద్దరూ ఒకే గీత మీదికి చేరుతూ సాగుతారు. చెయ్యి ఎక్కడైనా ఆగితే అక్కడ తీగ చుట్టూ నురుగు ఎక్కువగా కరిగి గాడి పడుతుంది. తొందరపడితే రెండు కొసలూ ముందుకు పోయినా తీగ నడుము వెనకబడి విల్లులా వంగుతుంది, కోత పూర్తయ్యాక చూస్తే పక్కల సరిగ్గా ఉన్న ఫ్లోటు మధ్యలో బొద్దుగా తేలుతుంది. వేడి సరిగ్గా ఉన్నప్పుడు తీగ సన్నగా సుయ్యిమంటూ కదులుతుంది, వెనక సాలెపురుగు దారంలాంటి పోగులు వేలాడుతాయి. పొగ పుడుతోందంటే వేడి ఎక్కువైందన్నమాట. ఆ పొగ పీల్చడం ఆరోగ్యానికి చేటు గనుక ఆరుబయటో, తలుపులన్నీ తెరిచిన వరండాలోనో ఈ పని పెట్టుకోవాలి.

కోత ముగిసిన దిమ్మకు మెట్టు ఉంటుంది గానీ పదును ఉండదు, నురుగు అంచు గోటితో నొక్కితేనే నలుగుతుంది. అందుకే మెట్టు అంచున సన్నని ప్లైవుడ్ బద్దనో, గట్టి ప్లాస్టిక్ పట్టీనో అడుగు తలంతో సమంగా ఎపాక్సీతో అతికించి, అంచు వెనక్కి రవ్వంత పొడుచుకు వచ్చేలా ఉంచుతారు. 0.76 మిల్లీమీటర్ల మందం గల పాత ఏటీఎం కార్డు నుంచి కోసిన పట్టీ ఇందుకు చక్కగా సరిపోతుంది. వేలితో తడిమితే అంచు చర్మానికి స్పష్టంగా తగలాలి. ఫ్లోటు అడుగును చదునుగా ఉంచాలా, పడవలా మధ్యలో కోణం దేరేలా చేయాలా అన్న విషయంలో అభిప్రాయ భేదాలున్నాయి. కోణం గల అడుగు అలలను చీల్చుకుపోతుంది, తిన్నగా సాగుతుంది. చదునైనది త్వరగా మెట్టెక్కుతుంది, కోయడం సులువు. మొదటి జత కట్టేవారికి చదును అడుగే మేలు.

పై తొడుగు లేకుండా నురుగును నీటిలో దించవచ్చు గానీ ఒడ్డు రాళ్లకు తగిలి చిట్లుతుంది. పలుచని గ్లాస్ ఫైబర్ గుడ్డను ఎపాక్సీతో అతికించడం ఉత్తమం, బరువు పెరగకుండా అదనపు రెసిన్‌ను పాత కార్డుతో గీకి తీసేయాలి. అంత ఖర్చు వద్దనుకుంటే బ్రౌన్ పేపరును తెల్ల జిగురుతో అతికించి, ఆరాక పైన నీటిని అడ్డుకునే వార్నిష్ పూయవచ్చు. తెల్ల జిగురు నీటికి మెత్తబడుతుంది గనుక వార్నిష్‌లో ఎక్కడా సందు ఉండకూడదు. అట్టపెట్టెలకు అంటించే పారదర్శకపు టేపును కూడా కొందరు వాడుతున్నారు, అది చూడటానికి బాగుండదు కానీ పని కానిస్తుంది.

బిగింపు, కోణాలు

నురుగులో మరమేకు నిలవదు. అందుచేత ఫ్లోటు పై తలంలో రెండు చోట్ల గాడి తీసి 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలను ఎపాక్సీతో పొదిగి, వాటికి ఉక్కు తీగతో చేసిన కాళ్లను ప్లాస్టిక్ క్లిప్పులతో బిగించాలి. ముందు కాళ్లు చక్రాల తీగ ఉండే గాడిలోనే దూరేలా వంచితే విమానాన్ని అవసరాన్ని బట్టి నేలకూ నీటికీ మార్చుకోవచ్చు. వెనక కాళ్లకు విమాన దేహంలో మరో ప్లైవుడ్ ఆధారం అమర్చాలి. రెండు ఫ్లోట్లను కలిపే అడ్డ కడ్డీలు సమాన పొడవుండి, ముక్కుల మధ్య దూరం, తోకల మధ్య దూరం ఒకటే అయితేనే విమానం తిన్నగా పరిగెడుతుంది. ఫ్లోట్ల మధ్య ఎడం రెక్కల విస్తారంలో ఐదో వంతు నుంచి పావు వంతు వరకు ఉంటే పక్కగాలికి ఒరిగిపోదు.

ఫ్లోటు పై తలంతో పోల్చితే రెక్క రెండు మూడు డిగ్రీలు పైకి చూడాలి. ఆ కోణం వల్ల మెట్టెక్కి పరుగెడుతున్నప్పుడే రెక్క కొంత బరువును మోయడం మొదలుపెడుతుంది, నీటి మీద భారం తగ్గుతుంది. ముందు వెనక బిగింపుల మధ్య 30 సెంటీమీటర్ల దూరం ఉన్నప్పుడు ఒక డిగ్రీ మార్పు అంటే సుమారు 5 మిల్లీమీటర్లు కాబట్టి, వెనక క్లిప్పుల కింద పలుచని చెక్క ముక్కలు చేర్చి తీసి ఈ కోణాన్ని చెరువు గట్టు మీదే దిద్దుకోవచ్చు. నీటిలో నెమ్మదిగా కదిలేటప్పుడు తోక చుక్కానికి గాలి చాలదు గనుక ఒక ఫ్లోటు వెనక చిన్న లోహపు నీటి చుక్కాని అమర్చి దానికి తోక చుక్కానిని కదిపే చిన్న మోటారు, అంటే సర్వో, నుంచే తీగ లాగుతారు.

ఫ్లోట్ల పక్క వైశాల్యంలో ఎక్కువ భాగం గరిమనాభికి ముందు ఉండటం వల్ల గాలిలో విమానం ముక్కును పక్కకు తిప్పే ధోరణి ఏర్పడుతుంది. దీనికి విరుగుడుగా తోక కింద అదనంగా ఒక నిలువు పలకను చేరుస్తారు. 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలం వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ప్రయాణించిన ప్రదర్శన విమానం డి హావిలాండ్ కెనడా సంస్థ ట్విన్ ఆటర్ తరగతికి చెందినది. ఆ తరగతి విమానాలకు ఫ్లోట్లు బిగించినప్పుడు అడ్డ తోక మీద చిన్న నిలువు పలకలు కనిపించేది ఈ కారణం వల్లనే.

నీటిలో దించాక

చెరువుకు వెళ్లకముందే ఫ్లోట్లను విడిగా తూచి, రాత్రంతా నీళ్ల తొట్టిలో బరువు పెట్టి ముంచి ఉంచి, తుడిచి మళ్లీ తూచాలి. పది గ్రాములు పెరిగినా ఎక్కడో సందు ఉందని అర్థం. తరువాత ఫ్లోట్లు బిగించిన విమానానికి గరిమనాభి చక్రాలతో ఉన్న చోటే ఉందో లేదో చూసి, కదిలితే బ్యాటరీని జరిపి సరిచేయాలి.

లేచే పరుగు మూడు దశల్లో సాగుతుంది. ఎదురుగాలికి ముఖం పెట్టి, ముక్కును ఎత్తించే, దించే తోక పలకను, అంటే ఎలివేటర్‌ను, పూర్తిగా వెనక్కి లాగి, మోటారు బలాన్ని క్రమంగా పెంచితే విమానం ముక్కెత్తి, ముందు ఒక నీటి గుట్టను తోసుకుంటూ బరువుగా కదులుతుంది. నీటి నిరోధం అత్యధికంగా ఉండేది ఈ గుట్ట దశలోనే. ఇక్కడ బలం చాలకపోతే విమానం చెరువంతా తిరుగుతుంది గానీ లేవదు. బలం ఉంటే కొద్ది సేపట్లో మెట్టెక్కుతుంది, అప్పుడు ఎలివేటర్‌ను వదులు చేయకపోతే తోక భాగం మళ్లీ నీటిలో గుచ్చుకుని వేగం చస్తుంది. వదులు చేస్తే తుంపర తగ్గి, మోటారు శబ్దం తేలికపడి, విమానం గబగబా వేగం పుంజుకుంటుంది, స్వల్పంగా లాగితే లేచిపోతుంది. అద్దంలా నిశ్చలంగా ఉన్న నీరు కొత్తవారికి అనుకూలంగా కనిపిస్తుంది కానీ అదే ఎక్కువగా పట్టుకుంటుంది. సన్నని అలలున్నప్పుడు అడుగుకూ నీటికీ మధ్య గాలి దూరుతుంది. నిశ్చలమైన నీటిని వదిలించడానికి అనుభవజ్ఞులు రెక్కల వెనక అంచున కదిలే పలకలైన ఏలెరాన్లతో ఒక వైపు రెక్కను కొద్దిగా ఎత్తి ముందు ఒక ఫ్లోటును, వెంటనే రెండోదాన్ని విడిపిస్తారు.

భారతదేశంలో 2021 నాటి డ్రోన్ నియమాలు 25 కిలోలకు మించకుండా, వినోదానికో విద్యకో పరిశోధనకో మాత్రమే వాడుతూ, కంటికి కనిపించేంత దూరంలోనే నడిపే వాటిని నమూనా తరగతిగా గుర్తించాయి. డ్రోన్ల కోసం గగనతలాన్ని రంగుల మండలాలుగా విభజించి చూపే డిజిటల్ స్కై పటంలో ఆ చెరువు ఏ మండలంలో ఉందో చూసుకున్నాకే ఎగరేయాలి. తెలుగు ప్రాంతపు చెరువుల్లో తరచూ ఎదురయ్యే శత్రువు గుర్రపుడెక్క. దాని వేళ్లు ఫ్లోటు చుక్కానికి చుట్టుకుంటే విమానం దరి చేరదు. బోర్లా పడిన విమానం కోసం మనుషులు నీటిలో దిగకుండా చిన్న పడవను గానీ, గాలానికి వాడే గట్టి దారం కొసన టెన్నిస్ బంతిని కట్టి విసిరే ఏర్పాటును గానీ సిద్ధంగా ఉంచుకోవాలి.

విమానం నీటిలో పడినా విద్యుత్ భాగాలు పాడవకుండా, రిమోట్ సంకేతాలను అందుకునే రిసీవరును బెలూన్‌లో పెట్టి మూతి బిగించడం పాత ఉపాయం. విద్యుత్ పలకల మీద నీటిని అడ్డుకునే పూత పూయడం ఇప్పటి పద్ధతి. బ్రష్‌లేని మోటారు మంచినీటిలో మునిగినా చెడిపోదు గానీ దాని బేరింగులు తుప్పు పడతాయి కాబట్టి ఆరబెట్టి రెండు చుక్కల నూనె వేయాలి. సముద్రపు నీరో కయ్య నీరో తగిలితే ముందుగా బ్యాటరీని విప్పి, మిగతా భాగాలన్నిటినీ ఆ రోజే మంచినీటితో కడగాలి, ఎందుకంటే ఉప్పు ఆరిపోయాక కూడా గాలిలోని చెమ్మను పీల్చుకుని రాగి తీగల అతుకులను లోలోపల తినేస్తుంది.